పాత క్రూజ్ ఓడలో సెలవులు: బెజవాడ, గుంటూరు కుటుంబాలు డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

క్రూజ్ గురించి వాకబు చేయడానికి వెళ్తే ట్రావెల్ ఏజెంటు ముందుగా ఫొటోలు చూపిస్తాడు. ఈత కొలను, బఫే, దీపాల వెలుగులో థియేటర్ కనిపిస్తాయి. ఓడ ఎప్పటిదో మాత్రం వాటిలో కనిపించదు. తర్వాత ఇంట్లో ఎవరో ఫోన్‌లో వెతికి "ఇది ముప్పై అయిదేళ్ల నాటి ఓడంట" అంటారు. ఆ ఒక్క మాటతో కొందరు ప్రయాణమే మానుకుంటారు. ఇంకొందరు ఆ మాట పట్టించుకోకుండా డబ్బు కట్టేస్తారు. ఇద్దరూ తొందరపడినట్టే.

పాత ఓడలో హాయిగా గడిపి రావచ్చు. అదే ఓడలో అదే వారం పక్క గదివాళ్లు విసిగిపోయి కూడా రావచ్చు. ఓడ చివరిసారి ఎప్పుడు మరమ్మతుకు వెళ్లింది, మీతో ఎవరెవరు వస్తున్నారు, మీకు ఏ గది ఇస్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు అన్న వాటిని బట్టే ఆ తేడా వస్తుంది. వాటిని ఏ వరసలో కనుక్కోవాలో ఇక్కడ చెబుతాను.

1. ముందు ఓడ పుట్టుపూర్వోత్తరాలు రాబట్టండి

ఓడల పేర్లు మారుతూ ఉంటాయి. కార్డీలియా క్రూయిజెస్ 2021 సెప్టెంబరులో ముంబై నుంచి తిప్పడం మొదలుపెట్టిన 'ఎంప్రెస్'నే చూడండి. అది 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజైర్‌లో తయారైంది. అప్పటి పేరు 'నార్డిక్ ఎంప్రెస్'. అమెరికా క్రూజ్ కంపెనీ రాయల్ కరీబియన్ వాళ్ల చేతుల్లో కొన్నేళ్లు 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్' అయింది, మధ్యలో స్పెయిన్ కంపెనీ పుల్‌మన్‌టూర్‌కూ వెళ్లి వచ్చింది. పేరు పట్టుకుని వెతికితే సగం చరిత్రే దొరుకుతుంది.

మారనిది ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) నంబరు ఒక్కటే. ఏడు అంకెలుంటుంది. యజమాని మారినా, జెండా మారినా, పేరు మారినా ఓడ తుక్కుకు వెళ్లేదాకా అదే నంబరు. ఓడ పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది. దాన్ని తీసుకుని ఈక్వసిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి చూడండి. ఓడ ఏ సంవత్సరానిది, ఏ దేశపు జెండా కింద ఉంది, ఏ సంస్థ దాన్ని తనిఖీ చేస్తోంది, రేవుల్లో అధికారులు పరీక్షించినప్పుడు లోపాలు బయటపడ్డాయా, ఎక్కడైనా ఓడను ఆపేశారా అన్నవి అక్కడ ఉంటాయి. చిన్న లోపాలు కొత్త ఓడలకూ రాస్తారు, వాటికి కంగారుపడొద్దు. ఓడను రేవులో ఆపేసిన సందర్భాలు ఒకటికి రెండుంటే మాత్రం ఆ టికెట్ వదిలేయండి.

ఆ తర్వాత ఏజెంటును అడగాల్సిన ప్రశ్న: "చివరిసారి డ్రై డాక్ ఎప్పుడు జరిగింది?" ఓడను నీటిలోంచి బయటికి తీసి అడుగుభాగం, ప్రొపెల్లర్లు, వాల్వులు చూసి, రంగులు వేసి, లోపల గదులు బాగుచేసే పని అది. మన ఆటోనగర్‌లో పాత లారీ కొనేవాళ్లు మోడల్ ఏడాది ఒక్కటే చూసి బేరం ముగించరు కదా. ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉంది, ఇంజిన్ పని ఎప్పుడు చేయించారు అని అడుగుతారు. ఇక్కడా అంతే. డ్రై డాక్ నుంచి వచ్చి ఏడాది కాని ఓడలో పరుపులు, తివాచీలు, బాత్రూములు ఒక తీరులో ఉంటాయి, మళ్లీ వెళ్లే సమయం దగ్గరపడిన ఓడలో ఇంకో తీరులో ఉంటాయి. ఏజెంటుకు జవాబు తెలియకపోతే కంపెనీకి మెయిల్ పెట్టించండి. అడగడానికి మొహమాటపడొద్దు.

2. భద్రత గురించి స్థిమితంగా ఆలోచించండి

మన ప్రాంతంలో పడవ అంటే భయం ఉండడంలో తప్పేమీ లేదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మరో ఘోరం జరిగింది. అవి చూసిన పెద్దవాళ్లు "సముద్రం మీదకా, అదీ పాత ఓడలోనా" అంటే వాళ్ల మాటను కొట్టిపారేయకండి, కూర్చుని చెప్పండి. సంగమం దగ్గర తిరగబడిన పడవకు అసలు అనుమతే లేదు. అక్కడ ప్రాణాలు తీసింది పడవ వయసు కాదు.

సముద్రంలో పేరుమోసిన ప్రమాదాలు చూసినా ఇదే తెలుస్తుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో రాయికి కొట్టుకుని ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియా సేవలోకి వచ్చి ఆరేళ్లు కూడా నిండలేదు. 2019 మార్చిలో నార్వే దగ్గర తుపాను గాలిలో ఇంజిన్లు ఆగిపోయిన వైకింగ్ స్కై 2017లో తయారైంది. ఇంజిన్లలో లూబ్రికేషన్ ఆయిల్ తగ్గడం అక్కడ కారణం. మరోవైపు 1991 ఆగస్టులో దక్షిణాఫ్రికా దగ్గర మునిగిపోయిన ఓషియానోస్‌కు అప్పటికే దాదాపు నలభై ఏళ్లు. దాని లోపలి గోడలో, పైపుల్లో మరమ్మతు సగంలో వదిలేసిన చోట్లనుంచి నీళ్లు పాకాయి. అదృష్టవశాత్తూ అందులోని 571 మందీ బతికారు. ఒకచోట దారి తప్పడం, ఒకచోట నిర్వహణలో లోపం, ఒకచోట సగంలో వదిలేసిన మరమ్మతు.

పాత ఓడలకు చట్టం కూడా కొంత కాపలా కాస్తుంది. సముద్రంలో ప్రాణరక్షణ కోసం పెట్టిన అంతర్జాతీయ సోలాస్ నిబంధనల ప్రకారం ప్రయాణికుల ఓడ భద్రతా ధ్రువపత్రం ఏడాదికే చెల్లుతుంది, ఏటా తనిఖీ చేయించుకోవాలి. మంటలకు అంటుకునే సామగ్రి మీద ఉన్న నిబంధన 2010 అక్టోబరు నుంచి బాగా పాత ఓడలకూ వర్తించింది. దాంతో చెక్క పనితనం ఎక్కువున్న బాగా పాత ఓడలు చాలావరకు సేవ నుంచి తప్పుకున్నాయి. ఇప్పుడు మనకు 'పాత ఓడ' అని ఎదురయ్యేవి ఎక్కువగా 1990ల నాటివి, అవి ఆ నిబంధనకు లోబడి కట్టినవే.

నా అభిప్రాయం చెబుతాను. పేరున్న సంస్థ తనిఖీలో ఉండి, ఏటా పత్రాలు తాజాగా ఉన్న ముప్పై ఏళ్ల ఓడ అంటే ప్రాణభయం పెట్టుకోనక్కర్లేదు. పాత ఓడతో వచ్చే అసలు ఇబ్బందులు సౌకర్యానికి సంబంధించినవి. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు, సెలవులు పాడయ్యేది వాటివల్లే.

3. మీతో ఎవరు వస్తున్నారో కాగితం మీద రాసుకోండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు వస్తుంటే పాత ఓడలో ఒక పెద్ద లాభం ఉంది. ఎంప్రెస్ పొడవు సుమారు 211 మీటర్లు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 365 మీటర్లకు దగ్గర. గది నుంచి భోజనశాలకు, అక్కడినుంచి థియేటర్‌కు నడిచే దూరంలో ఆ తేడా కాళ్లకు తెలుస్తుంది. రెండో రోజుకే దారులన్నీ అలవాటైపోతాయి, పెద్దవాళ్లు ఒక్కరే తిరిగి రాగలరు. ఇక నష్టం: లిఫ్టులు తక్కువ, ఇరుకు. బాత్రూము గుమ్మానికి ఎత్తైన గడప ఉంటుంది, రాత్రిపూట తట్టుకుని పడే ప్రమాదం ఉంది. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే వాళ్లకోసం ప్రత్యేకంగా కట్టిన గది ఉందో లేదో, దాని తలుపు వెడల్పు ఎంతో అంకెల్లో రాయించుకోండి. "మేనేజ్ చేయొచ్చండీ" అనే జవాబు సరిపోదు.

ఇంకో విషయం ఏజెంట్లు చెప్పరు. కొన్ని చోట్ల ఓడ రేవులోకి రాదు, నడిసముద్రంలో ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్తారు. లక్షద్వీప్ ప్రయాణాల్లో ఇది మామూలే. ఊగే పడవలోకి కాలు పెట్టి దిగలేనివాళ్లు ఓడలోనే ఉండిపోవాలి. ప్రయాణంలో ఏ ఊళ్లకు నేరుగా దిగొచ్చో, ఎక్కడ పడవ ఎక్కాలో ముందే అడగండి.

కొత్తగా పెళ్లయినవాళ్లు బాల్కనీ కోరుకుంటారు. 1990ల మొదట్లో కట్టిన ఓడల్లో బాల్కనీ గదులు కొద్ది. ఉన్నవి ఖరీదు. ఆ డబ్బుతో కాస్త కొత్త ఓడలో బాల్కనీ దొరుకుతుందేమో పోల్చి చూసుకోవడం మంచిది.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలతో జాగ్రత్త. జారుడు బల్లలు, ఐస్ రింకు, సర్ఫింగ్ అని యూట్యూబ్‌లో వాళ్లు చూసేవన్నీ పెద్ద కొత్త ఓడల్లోవి. పాత ఓడలో ఒక చిన్న కొలను, ఒక ఎక్కుడు గోడ, ఆటల గది ఉంటాయేమో, అంతే. ముందే చెప్పి తీసుకెళ్తే సర్దుకుంటారు. చెప్పకుండా తీసుకెళ్తే మూడు రోజులూ మీకు టెన్షనే.

పుస్తకం, కాఫీ, సముద్రం చాలనుకునేవాళ్లకు పాత ఓడే నయమని గట్టిగా చెబుతాను. చాలా పాత ఓడల్లో చుట్టూ తిరిగి నడిచే డెక్కు నీటికి దగ్గరగా ఉంటుంది. కొత్త ఓడల్లో దుకాణాలు, హోటళ్లు లోపలికి లాగుతుంటాయి, కొన్నిసార్లు సముద్రం మీద ఉన్నామనే ధ్యాసే ఉండదు. పైగా చిన్న ఓడ ఇరుకైన రేవుల్లోకి కూడా వెళ్లగలదు.

4. గది ఎంపిక: ఇక్కడ గంట ఎక్కువ పెట్టండి

పాత ఓడలో మంచి గదికీ చెడ్డ గదికీ మధ్య తేడా కొత్త ఓడలో కంటే చాలా ఎక్కువ. అందుకే "గ్యారంటీ గది" పేరుతో తక్కువ ధరకు, నంబరు తర్వాత ఇస్తామనే టికెట్ పాత ఓడ విషయంలో తీసుకోకండి. నంబరు ముందే తీసుకోండి. తర్వాత ఓడ అంతస్తుల పటం తెరిచి ఇవి చూడండి.

మీ గదికి పైన ఏముంది, కింద ఏముంది? పైన డిస్కో, వంటగది, జిమ్ ఉంటే రాత్రి నిద్ర ఉండదు. పాత ఓడల్లో గోడల మధ్య శబ్దాన్ని ఆపే ఏర్పాటు తక్కువ. పైనా కిందా గదులే ఉన్న గదిని ఎంచుకోండి. ముందు చివర వద్దు, తెల్లవారుజామున లంగరు గొలుసు దింపితే ఆ మోతకు ఇంటిల్లిపాదీ లేస్తారు. వెనుక చివర కూడా వద్దు. 1998లో 'ఇలేషన్' అనే ఓడతో మొదలై, ఓడ కింద బయటికి వేలాడే మోటారు ప్రొపెల్లర్లు క్రూజ్ ఓడల్లోకి వచ్చాయి. అంతకు ముందువాటిలో పొడవాటి ఇనుప షాఫ్టులు తిరుగుతాయి. వెనుక గదుల్లో మంచం, గ్లాసులు సన్నగా అదురుతూనే ఉంటాయి. మధ్యభాగం, కింది అంతస్తు గది తీసుకుంటే అదురూ తక్కువ, ఊగిసలాటా తక్కువ.

లోపలి గది, అంటే కిటికీ లేనిది, చవక. అలాంటి గదులు పాత ఓడల్లో సుమారు 120 చదరపు అడుగులే ఉంటాయి, అందులోనే బాత్రూమూ కలిపి. నలుగురికి ఒకే గది ఇస్తామంటే ఇద్దరికి కింద మంచాలు, మిగతా ఇద్దరికి గోడలోంచి దించే పై బెర్తులు. పెద్ద సూట్‌కేసు తెరిచి పెట్టడానికి చోటుండదు. తలా ఒక చిన్న బ్యాగు, మంచం కింద పట్టేది తెచ్చుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒక గదిలో రెండు మూడు రాత్రులు గడపొచ్చు. అత్తమామలతో కలిపి అయిదారు రోజులైతే పక్కపక్కన రెండు గదులు తీసుకోవాలి, అందులో ఒకటైనా గుండ్రటి కిటికీ ఉన్నదైతే మంచిది.

ఏసీ గురించి అడగండి. కొన్ని పాత ఓడల్లో గదిలో మీట తిప్పినా చలి పెద్దగా మారదు. చంటిపిల్లలుంటే స్వెట్టరు పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే గదిలో ఫ్రిజ్ ఉందా అని ముందే రాసి అడగాలి. లేకపోతే ఓడలోని వైద్యశాల వాళ్లు భద్రపరుస్తారో లేదో కనుక్కోండి. ప్లగ్ పాయింట్లు ఒకటో రెండో ఉంటాయి, అమెరికా తరహావి కావచ్చు. అడాప్టరు, రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలున్న ఛార్జరు చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఇస్త్రీ పెట్టె, కెటిల్ అగ్నిప్రమాద భయంతో తీసేసుకుంటారు.

బాత్రూము మాట కూడా చెప్పాలి. మరుగుదొడ్డి పక్కన కడుక్కునే నీళ్ల పైపు చాలా ఓడల్లో ఉండదు, ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్లండి. మరుగుదొడ్డి గాలితో లాగే రకం. అందులో టిష్యూ తప్ప ఏది పడేసినా ఆ వరసలోని గదులన్నిటికీ ఆగిపోతుంది. పాత పైపుల్లో ఇది తరచూ జరిగేదే, పిల్లలకు ముందే చెప్పండి.

5. జనం రద్దీని లెక్క కట్టండి

ఓడ గ్రాస్ టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగించండి, వచ్చే అంకె ఎంత పెద్దదైతే తలకు అంత ఎక్కువ చోటు. గ్రాస్ టన్నేజీ అంటే బరువు కాదు, ఓడ లోపలి మొత్తం చోటుకు కొలత. ఎంప్రెస్ 48,563, గదికి ఇద్దరు చొప్పున సుమారు 1,600 మంది, అంటే 30 దాకా వస్తుంది. ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,663, సుమారు 5,600 మంది, అంటే 44. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పై బెర్తులు కూడా నిండితే పాత ఓడ లెక్క ఇంకా పడిపోతుంది. బఫే దగ్గర క్యూలు పెరుగుతాయి, కొలను పక్కన కుర్చీ దొరకదు. బడి ఉన్న రోజుల్లో, వారం మధ్యలో బయల్దేరే ప్రయాణం దొరికితే అదే ఓడ విశాలంగా అనిపిస్తుంది.

6. నెల చూసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. బంగాళాఖాతంలో మే చుట్టుపక్కల, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మనకు గుర్తుంది, అంతకు ముందు రోజుల్లో చెన్నై మునిగింది, మన రైళ్లు ఆగాయి. అలాంటప్పుడు ఓడ దారి మార్చవచ్చు, ఒక ఊరిని వదిలేయవచ్చు. దానికి పూర్తి డబ్బు వాపసు రాదు. చిన్న, పాత ఓడ పెద్దదానికన్నా ఎక్కువ ఊగుతుంది. పక్కలకు ఊగడాన్ని తగ్గించే రెక్కలు ఉంటాయి గానీ ముందూ వెనుకా లేచి పడడాన్ని అవి ఆపలేవు. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, అంతకు ముందే వేసుకోవాలి. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోవాలి.

7. అసలు ఖర్చు రాయండి

ప్రకటనలో ధర తలకు ఇంత, గదిలో ఇద్దరుంటే అని ఉంటుంది. ఒక్కరే వెళ్తే దాదాపు రెట్టింపు అవుతుంది. దానికి రేవు రుసుము, జీఎస్టీ, సిబ్బంది టిప్పులు, వైఫై, ఊళ్లలో తిరిగే ఖర్చు, మద్యం లేదా కూల్‌డ్రింకులు, విజయవాడ నుంచి రానుపోను, ముందు రాత్రి హోటల్ కలపండి. మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి చూడండి. పాత ఓడ టికెట్ చవకే. పైగా అందులో విడిగా డబ్బు కట్టే హోటళ్లు తక్కువ కాబట్టి లోపల జేబు ఖాళీ కావడం కూడా తక్కువ. అయితే తేడా రాత్రికి తలకు వెయ్యి, రెండు వేలకు మించకపోతే కొత్త ఓడకే వెళ్లమంటాను.

డబ్బు ఎవరికి కడుతున్నారో కూడా చూడండి. ఎంప్రెస్ పుట్టిన 1990లోనే ఇటలీలో పుట్టిన 'కర్ణిక'ను జలేష్ క్రూయిజెస్ 2019లో ముంబై నుంచి నడిపింది. 2020లో కంపెనీ మూతపడింది, ఓడ అలంగ్ తుక్కు రేవుకు పోయింది. ఒకే వయసున్న రెండు ఓడల్లో ఒకటి తుక్కయింది, ఒకటి మరుసటి ఏడాది మన తీరంలోనే కొత్తగా మొదలైంది. అందుకే ఏడాది ముందే మొత్తం కట్టేయొద్దు. క్రెడిట్ కార్డుతో కట్టండి, రద్దు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. మామూలు ఆరోగ్య బీమా ఓడలోని వైద్యశాల బిల్లుకు చెల్లకపోవచ్చు, ప్రయాణ బీమాలో సముద్రంలో చికిత్స, ఒడ్డుకు తరలింపు ఉన్నాయో చూసుకోండి.

8. కాగితాలు, దారి

దేశం లోపలి ప్రయాణాలకు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అడుగుతారు. శ్రీలంక, సింగపూర్ వైపు అయితే ప్రయాణం నాటికి ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు. సింగపూర్‌లో ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగేవాళ్లకు ఒకటికి మించి సార్లు ప్రవేశించే వీసా ఉండాలి, మధ్యలో దేశం దాటి వెళ్లి వస్తారు కాబట్టి.

చెన్నై నుంచి ఓడ అయితే విజయవాడ నుంచి పినాకిని, జనశతాబ్ది, వందే భారత్ ఉన్నాయి. గుంటూరువాళ్లు తెనాలిలో ఎక్కొచ్చు. విశాఖ నుంచి అయితే రత్నాచల్, గుంటూరు నుంచి నేరుగా సింహాద్రి. ఏదైనా సరే, ముందు రోజే చేరిపోండి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు.

9. ఎక్కిన మొదటి గంట

గదిలోకి వెళ్లగానే ఏసీ, ఫ్లష్, వేడినీళ్లు, తలుపు గడియ చూడండి. వాసన, చెమ్మ ఉంటే బ్యాగు విప్పకముందే రిసెప్షన్‌కు వెళ్లండి, ఓడ బయల్దేరాక ఖాళీ గదులు మిగలవు. ఆ తర్వాత భద్రతా కసరత్తు. కాంకోర్డియా తర్వాత నిబంధన మారి, ఓడ కదిలే ముందుగానీ కదిలిన వెంటనేగానీ దీన్ని చేయించాలి. ఇంటిల్లిపాదీ వెళ్లండి. మీరు చేరాల్సిన చోటికి గది నుంచి నడిచి చూడండి, మెట్ల మీదుగానే. పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి.

ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. తీరం దాటాక ఓడ సొంత నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వేలల్లో వస్తుంది. బఫేకు వెళ్లే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. ఓడల్లో విరేచనాలు, వాంతులు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

10. దిగే రోజు

ముందు రాత్రే గది బిల్లు ప్రింటు తీసుకుని చూసుకోండి, తప్పు ఉంటే అప్పుడే సరిచేయించండి, పొద్దున క్యూ పెద్దది. పెద్ద బ్యాగులు తలుపు బయట పెట్టమంటారు. మాత్రలు, గుర్తింపు కార్డులు, మర్నాటి బట్టలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఓడ తెల్లవారుజామునే రేవులో ఆగినా మీ వంతు వచ్చేసరికి తొమ్మిదో పదో అవుతుంది. పాత ఓడలో లిఫ్టులు తక్కువ కాబట్టి పెద్దవాళ్లతో ఉన్నవాళ్లు ముందే సిబ్బందికి చెప్పి పెట్టుకోవాలి. చెన్నైలో దిగేవాళ్లు పొద్దున్నే బయల్దేరే జనశతాబ్దికి రిజర్వేషన్ చేయించుకోవద్దు, మధ్యాహ్నం పినాకిని అందుకునేలా చూసుకుంటే సరిపోతుంది.